మనసు బాగోలేదన్న మాట

తెలుగువారు ప్రతిదినం అనేక పర్యాయాలు ఉచ్చరించే పదాలలో 'మనసు' ఒకటి. చదువుకొనే బిడ్డతో తల్లి 'మనసు పెట్టి చదువు' అంటుంది. తాతల నాటి ఇంటిని అమ్మవలసి వచ్చిన వ్యక్తి 'మనసు ఒప్పడం లేదు' అని వెనుకాడతాడు. మిత్రుని మాటకు నొచ్చుకొన్న యువకుడు 'మనసు గాయపడింది' అంటాడు. పండితుడు, పామరుడు అన్న భేదం లేకుండా అందరి నోటా పలికే పదమిది. ఇంతగా పరిచయమున్న పదాన్ని గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరమేమిటన్న సందేహం కలగడం సహజం. అతిపరిచయం వల్లనే ఈ పదం విషయంలో ఒక లోపం ఎవరి దృష్టికీ రాకుండా పోయింది. ప్రేమ, కోపం, శ్రద్ధ, ఇష్టం, అయిష్టం, ఔదార్యం అన్నింటినీ తెలుగువారు 'మనసు'తోనే చెప్పుకొంటారు. ఆ మనసుకే జబ్బు చేసినప్పుడు మాత్రం ఆ పదాన్ని విడిచిపెట్టి 'పిచ్చి' అన్న మరొక పదాన్ని అందుకొంటారు. ఈ పదమార్పిడి చూడడానికి చిన్నదే. దానివల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

'మనసు' సంస్కృతం నుండి తెలుగులోనికి వచ్చిన పదం. 'మన్' అన్న ధాతువుకు తలచడం, ఆలోచించడం అని అర్థం. మననం, మంత్రం వంటి పదాలు ఆ ధాతువు నుండి ఏర్పడినవే. మనుష్యుడు, మానవుడు అన్న పదాలనూ దానితోనే ముడిపెడతారు. అంటే ఆలోచించేవాడే మనిషి అన్నమాట. గ్రంథాలలో 'మనస్సు'గా ఉన్న ఈ పదం జనం నోట 'మనసు'గా తేలికపడింది. కవులు మక్కువతో వాడే 'మది' కూడా సంస్కృతంలోని 'మతి' నుండి వచ్చినదే. 'ఉల్లము' అన్నది దేశ్యపదం. దానికి సోదరపదం తమిళంలో నేటికీ వాడుకలో ఉంది. తెలుగులో అది క్రమంగా పద్యాలకే పరిమితం కాగా, దాని స్థానాన్ని 'మనసు' పూర్తిగా ఆక్రమించింది. నేడు ఇది పరాయి భాషనుండి వచ్చిన పదమన్న స్పృహ సామాన్యునికి లేదు. ఉండవలసిన అవసరమూ లేదు.

శాస్త్రకారులు ఈ పదానికి నియతమైన అర్థాన్ని నిర్ణయించారు. వేదాంతులు అంతఃకరణాన్ని మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగు విధాలుగా విభజించారు. చేయనా, మాననా అని ఊగిసలాడేది మనస్సు. చేయవలసిందేనని నిశ్చయించేది బుద్ధి. స్మరించేది చిత్తం. 'నేను' అన్న భావం అహంకారం. భగవద్గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు మనస్సు చంచలమైనదని, దానిని నిలపడం గాలిని నిలపడమంత కష్టమని మొరపెట్టుకొంటాడు. అది కష్టమేనని శ్రీకృష్ణుడు కూడా అంగీకరిస్తాడు. ఆ తరువాతనే అభ్యాసాన్ని, వైరాగ్యాన్ని బోధిస్తాడు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. మొరపెట్టుకొన్నవాడు పిరికివాడు కాడు, మహావీరుడు. విన్నవాడు అతనిని పరిహసించలేదు. ముందు అతని కష్టాన్ని ఒప్పుకొని, తరువాతనే ఉపాయం చెప్పాడు.

శాస్త్రాలలోని అర్థం అలా ఉండగా, వాడుకలోని అర్థం అంతకంటె విశాలమైనది. దానిని తెలుసుకోవడానికి ఏదైనా ఒక పల్లెను ఉదాహరణగా తీసుకోవచ్చు. కృష్ణా జిల్లాలో గుడివాడకు సమీపాన ఉన్న పెదపారుపూడి అటువంటి డెల్టా గ్రామం. కాలువ నీటితో పండే వరి మాగాణులు, వరి తరువాత అదే నేలలో పచ్చగా పరుచుకొనే మినుము చేలు ఆ ప్రాంతానికి సహజ లక్షణాలు. అటువంటి ఊళ్ళో ఒక్క రోజు వినిపించే మాటలను గుర్తుచేసుకొంటే చాలు, 'మనసు' ఎన్ని పనులు చేస్తుందో తెలుస్తుంది. పొలాన్ని కౌలుకిచ్చి పట్నం చేరినవానికి పండుగ వచ్చేసరికి ఊరిమీదికి 'మనసు పోతుంది'. తండ్రి ఇచ్చిన ఎకరాన్ని అమ్మడానికి అతనికి 'మనసు రాదు'. గట్టు తగవుతో అన్నదమ్ముల 'మనసులు విరుగుతాయి'. అప్పుడు ఊరిపెద్ద 'జరిగినదేదో జరిగింది, మనసులో పెట్టుకోకండిరా' అని సర్దిచెబుతాడు. పంట దెబ్బతిన్న ఏడు కౌలు తగ్గించిన భూస్వామిని 'పెద్దమనసు' గలవాడంటారు. కలిగి ఉండీ సాయపడనివానిని 'మనసు లేని మనిషి' అంటారు. ఇష్టం లేని కొలువులో చేరినవాడు 'మనసు చంపుకొని' పనిచేస్తాడు. పెళ్ళిమాటల నాడు అమ్మాయి 'మనసులో మాట' అడుగుతారు. వచ్చిన చుట్టం కడుపునిండా తిని వెళితే ఆ ఇంటి ఇల్లాలికి 'మనసు నిండుతుంది'.

ఈ వాడుకలలో భాషాపరమైన ఒక విశేషం ఉంది. 'మనసు పెట్టాడు', 'మనసు మార్చుకొన్నాడు' అన్నప్పుడు మనసు మనిషి చేతిలోని వస్తువువంటిది. అతడే కర్త. 'మనసు రాలేదు', 'మనసు లాగింది', 'మనసు ఒప్పలేదు', 'మనసు కుదుటపడలేదు' అన్నప్పుడు మాత్రం మనసే కర్తగా మారుతుంది. మనిషి అనుభవించేవాడు మాత్రమే. అంటే మనసు కొంతవరకే మనిషి అధీనంలో ఉంటుందని, కొంతమేర అది తనంతట తానుగా నడుస్తుందని తెలుగు భాష ఏనాడో గుర్తించింది. వాగ్గేయకారుడైన త్యాగరాజు అనేక కృతులలో తన మనసును ఎదుట నిలిచిన మరొక వ్యక్తిని పిలిచినట్లు సంబోధించి, బుజ్జగించి, మందలించడం కూడా ఈ గుర్తింపులోనుంచి పుట్టినదే. భాష ఇంత వివేకంతో ఉండగా, దిగులుపడినవానితో 'మనసు గట్టి చేసుకో, అంతా నీ చేతిలోనే ఉంది' అని చెప్పి ఊరుకోవడం భాషకున్న వివేకం కూడా లేకపోవడమే.

ఇంగ్లీషు చదివే విద్యార్థి ఆలోచనకు 'మైండ్' అని, అనురాగానికి 'హార్ట్' అని రెండు పదాలు నేర్చుకొంటాడు. తెలుగులోనికి వచ్చేసరికి సందర్భాన్నిబట్టి రెండింటికీ 'మనసు' సరిపోతుంది. సంకల్పానికి కూడా ఈ పదమే చాలు. 'మనసుంటే మార్గముంటుంది' అన్న లోకోక్తిలో మనసుకు అర్థం పట్టుదల. లెక్క చేయవలసినప్పుడు 'బుర్ర ఉపయోగించు' అంటారు. పాఠం ఒంటపట్టవలసినప్పుడు 'మనసు పెట్టు' అంటారు. బుర్రకు తెలివి చాలు, మనసుకు ఇష్టం కూడా కావాలి. ఆలోచన, అనుభూతి, సంకల్పం అన్న మూడింటినీ విడదీయకుండా ఒకే పదంలో ఇముడ్చుకోవడం తెలుగు వాడుకలోని విశిష్టత. నేటి మనోవైద్యులు కూడా దిగులు జబ్బు ఆలోచనను, అనుభూతిని, పని చేయాలన్న కోరికను మూడింటినీ ఒక్కసారిగా కుంగదీస్తుందని చెబుతారు. ఆ స్థితిని చెప్పడానికి 'మనసు' కంటె తగిన పదం వేరొకటి లేదు.

తెలుగు చలనచిత్రాలు కూడా ఈ పదాన్ని నెత్తిన పెట్టుకొన్నాయి. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1962లో 'మంచి మనసులు', 1964లో 'మూగ మనసులు', 1965లో 'తేనె మనసులు' వెలువడ్డాయి. మొదటి రెండింటిలో కథానాయకుడైన అక్కినేని నాగేశ్వరరావు, వాటిలో పాటలు పాడిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఇద్దరూ గుడివాడ పరిసర గ్రామాలలో పుట్టినవారే. మనసును గురించి పదేపదే పాటలు రాసిన ఆచార్య ఆత్రేయను ప్రజలు 'మనసు కవి' అని పిలుచుకొన్నారు. మనసుపై ఇన్ని పాటలు పాడుకొన్న జాతి మనసుకు వచ్చే జబ్బును గురించి మాట్లాడడానికి సిగ్గుపడడం ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది.

కృష్ణాతీరపు వాడుకలో రెండు వాక్యాలు పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకటి 'ఒంట్లో బాగోలేదు'. రెండవది 'మనసు బాగోలేదు'. రెండింటి నిర్మాణం ఒక్కటే. శరీరానికి అస్వస్థత కలిగినట్లే మనసుకు కూడా కలుగుతుందని ఈ వాక్యాల జంట నిరూపిస్తోంది. కాని వినేవారి స్పందనలో ఎంతో తేడా ఉంది. 'ఒంట్లో బాగోలేదు' అన్న మాట వినగానే 'ఎప్పటినుంచి? జ్వరమా? డాక్టరుకు చూపించుకొన్నావా?' అని ప్రశ్నలు వస్తాయి. 'మనసు బాగోలేదు' అంటే ప్రశ్నలకు బదులు ఉపదేశాలు వస్తాయి. 'గుడికి వెళ్ళిరా', 'సినిమా చూడు', 'ఏ పనీ లేక అలా అనిపిస్తుంది', 'నీకేం తక్కువైంది?' అన్నవే సాధారణంగా వినిపించే సమాధానాలు. మొదటి వాక్యాన్ని రోగలక్షణంగా, రెండవదానిని గుణదోషంగా భావించడం వల్ల ఏర్పడిన తేడా ఇది. ఉపదేశం చేసేవారికి దురుద్దేశం లేకపోవచ్చు. అయినా ఒకసారి ఉపదేశం విన్నవాడు రెండవసారి ఆ మాట పైకి అనడు.

పైకి అనకుండా దాచుకొన్న జబ్బు ముదిరిన తరువాత లోకం దానికి పెట్టే పేరు 'పిచ్చి'. ఈ పదానికి తెలుగులో ఎన్నో ఛాయలున్నాయి. 'పిచ్చితల్లి' అన్నప్పుడు అందులో వాత్సల్యం ఉంది. 'క్రికెట్ పిచ్చి', 'పుస్తకాల పిచ్చి' అన్నప్పుడు మక్కువ ఉంది. ఎవరూ నాటకుండా గట్టు మీద మొలిచేది 'పిచ్చిమొక్క'. అర్థం లేకుండా గీసినది 'పిచ్చిగీత'. వీటివల్ల ఎవరికీ బాధ లేదు. వీటిని నిషేధించాలనడం భాషపై అనవసరపు పెత్తనం అవుతుంది. బాధకు గురైన మనిషికి ఈ పదాన్ని పేరుగా తగిలించినప్పుడే చిక్కు వస్తుంది. జ్వరం వచ్చినవానిని ఎవరూ 'జ్వరంగాడు' అనరు. జ్వరం వస్తుంది, పోతుంది. 'పిచ్చివాడు' అన్న పేరు మాత్రం జబ్బు నయమైన తరువాత కూడా అతనిని విడిచిపెట్టదు. అతని పెళ్ళికి, ఉద్యోగానికి, చివరకు అతని తోబుట్టువుల సంబంధాలకు సైతం అడ్డుపడుతుంది. మనోవైద్యుని 'పిచ్చి డాక్టరు' అని, వైద్యశాలను 'పిచ్చాసుపత్రి' అని పిలిచే చోట సకాలంలో వైద్యానికి వెళ్ళే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ఇది తెలుగువారికి మాత్రమే చెందిన దోషం కాదు. ఇంగ్లీషులో 'ల్యూనటిక్' అన్న మాటకు మూలం లాటిన్‌లో చంద్రుని పేరు. చంద్రుని కళలనుబట్టి మతి చలిస్తుందని ఐరోపావారు నమ్మేవారు. అమావాస్యకు, పౌర్ణమికి పిచ్చి ముదురుతుందన్న నమ్మకం తెలుగు పల్లెలలోనూ ఉంది. ఆ పదాన్నే ఆంగ్లపాలకులు 1912 నాటి ఇండియన్ ల్యూనసీ చట్టానికి పేరుగా పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా నాలుగు దశాబ్దాలపాటు ఆ పేరు కొనసాగింది. 1987లో పార్లమెంటు మానసిక ఆరోగ్య చట్టం చేసిన తరువాతనే దానికి కాలం చెల్లింది.

అయితే పదం మార్చినంత మాత్రాన దృష్టి మారుతుందా? మారదనడానికి తెలుగులోనే నిదర్శనం ఉంది. 'మెంటల్' అన్న ఇంగ్లీషు మాటకు 'మనసుకు సంబంధించిన' అని మాత్రమే అర్థం. తెలుగు వీధులలో అది తిట్టుగా మారింది. గ్రీకు భాషలో ఆత్మకు, ప్రాణానికి పేరైన పదం నుండి పుట్టిన 'సైకో' కూడా అదే గతి పట్టింది. గౌరవప్రదమైన కొత్త పదాన్ని తెచ్చి పాత తిరస్కారంతో వాడితే, కొన్నేళ్ళలో ఆ కొత్త పదానికి కూడా పాత మకిలే అంటుకొంటుంది. 'మనోవైకల్యం', 'చిత్తచాంచల్యం' వంటి దీర్ఘసమాసాలను కల్పించడం వల్ల సమస్య తీరదు. అవి కాగితాలమీద నిలుస్తాయి గాని బాధపడే మనిషి నోట పలకవు. 'అమ్మా, చిత్తచాంచల్యంగా ఉంది' అని ఏ బిడ్డా తల్లితో చెప్పదు. 'మనసు బాగోలేదమ్మా' అని మాత్రమే చెబుతుంది.

పదాల ప్రచారంలో వార్తాపత్రికల పాత్ర చాలా పెద్దది. పెదపారుపూడిలో 1936లో జన్మించిన రామోజీరావు 1974లో విశాఖపట్నంలో 'ఈనాడు' పత్రికను ప్రారంభించారు. ఆయన 2024లో మరణించారు. పత్రికలు పల్లెపల్లెకు చేరిన కొద్దీ పల్లె మాటలు పత్రికలలోనికి, పత్రికల మాటలు పల్లెలలోనికి ప్రవహించాయి. ఇది తెలుగుకు మేలు చేసిన పరిణామం. అయితే తెలుగు వార్తారచనలో సర్వసాధారణంగా స్థిరపడిన ఒక పదాన్ని మాత్రం పునరాలోచించవలసి ఉంది. అది 'మనస్తాపం'. మార్కులు తక్కువ వచ్చాయని మనస్తాపం, తండ్రి మందలించాడని మనస్తాపం, ఫోను కొనివ్వలేదని మనస్తాపం అంటూ విషాదవార్తలు ఒకే మూసలో వస్తుంటాయి. మందలింపు వంటి చిన్న కారణాన్ని ప్రాణంపోవడం వంటి మహావిషాదానికి ముడిపెట్టి, నడుమ 'మనస్తాపం' అని వంతెన వేస్తే పాఠకునికి ఏమి అర్థమవుతుంది? ఆ బిడ్డ అల్పకారణానికే తొందరపడిందని, లేదా ఆ తండ్రి మాటే ప్రాణం తీసిందని అర్థమవుతుంది. నిజానికి అటువంటి విషాదాల వెనుక సాధారణంగా ఒక్క కారణమే ఉండదు. ఎన్నాళ్ళుగానో బాగోని మనసు, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, సకాలంలో అందని వైద్యం వంటివి కలిసి పనిచేస్తాయి. తాపం అంటే వేడి. ఆ వేడి ఏనాడు మొదలైందో విచారించకుండా, చివరి నిప్పురవ్వను మాత్రమే చూపితే వార్త పూర్తి కాదు.

మనసు లోపల జరిగే ఈ పోరాటాన్ని తెలుగు నవల చాలాకాలం క్రితమే చిత్రించింది. ఆ రచయిత కూడా ఈ ప్రాంతంవాడే. గుడివాడకు సమీపంలోని అంగలూరులో 1910లో జన్మించిన త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రచించారు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలగా దానికి గొప్ప పేరుంది. అందులోని సీతారామారావు వంశప్రతిష్ఠ అన్న బరువును మోస్తూ, ఆస్తిని పోగొట్టుకొని, తన మనసుతో తానే తలపడి ఓడిపోతాడు. లోకం అతనికి ఇచ్చిన బిరుదు 'అసమర్థుడు'. నవల చదివిన పాఠకునికి ఆ బిరుదు వెనుక నలిగిపోతున్న మనిషి కనిపిస్తాడు. ఒక్క పదంతో మనిషిని కొట్టిపారేయడం ఎంత సులభమో, అతని మనసులోనికి తొంగిచూడడం ఎంత కష్టమో ఆ నవల తెలియజెబుతుంది.

కొట్టిపారేయడం వల్ల కలిగే ఫలితాలు ఊహాజనితాలు కావు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయంలో అగ్నిప్రమాదం సంభవించింది. మానసిక రోగులుగా అక్కడ ఉన్నవారిలో 28 మంది మరణించారు. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున వారు పారిపోలేకపోయారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. అంటే దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు. రుగ్మతనుబట్టి వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే వెల్లడించింది. చికిత్స అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం, ఖర్చు మరొక కారణం. చెప్పుకోవడానికి సిగ్గు మూడవ కారణం. మొదటి రెండింటిని తీర్చవలసింది ప్రభుత్వం. మూడవదానిని తీర్చవలసింది సమాజం.

చట్టం ఈ విషయంలో సమాజం కంటె ముందడుగు వేసింది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. శరీర రోగాలకు వర్తించే విధంగానే మానసిక రోగాలకు కూడా ఆరోగ్యబీమా సదుపాయం కల్పించాలని ఆదేశించింది. ప్రాణం తీసుకోబోయినవారిని నేరస్థులుగా కాక, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించాలని నిర్దేశించింది. అంటే 'ఒంట్లో బాగోలేదు', 'మనసు బాగోలేదు' అన్న రెండు వాక్యాలకూ సమాన గౌరవం ఇవ్వాలని చట్టం అంగీకరించిందన్నమాట. జనం నోటిలో ఏనాటి నుంచో ఉన్న సమానత్వం చట్టంలోనికి ఇన్నాళ్ళకు వచ్చింది. జనం ప్రవర్తనలోనికి మాత్రం ఇంకా రావలసి ఉంది.

ఈ వాదనకు కొన్ని ఆక్షేపణలు రావచ్చు. దిగులన్నది ప్రతి మనిషికీ ఉంటుందని, ప్రతి దిగులునూ రోగమనుకొంటే లోకమంతా వైద్యశాల అవుతుందని కొందరంటారు. ఈ మాటలో సత్యం ఉంది. ఆప్తులు దూరమైనప్పుడు కలిగే దుఃఖం రోగం కాదు. పరీక్షల ముందు కలిగే బెరుకు కూడా రోగం కాదు. 'మనసు బాగోలేదు' అన్న మాట సాయంకాలపు చిరుదిగులు మొదలు తీవ్రమైన జబ్బు వరకు అన్నింటికీ వర్తిస్తుంది. అందుకే ఆ మాట విన్నప్పుడు తీర్పు చెప్పరాదు, విచారించాలి. రెండు వారాలకు మించి దిగులు వీడకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, ఒకప్పుడు ఇష్టమైన పనులు సైతం రుచించకపోవడం, బ్రతుకు మీద విరక్తి కలగడం వంటి లక్షణాలుంటే వైద్యుని సలహా అవసరం. బ్రతకాలనిపించడం లేదన్న మాట వినిపిస్తే రెండు వారాలు కాదు గదా, రెండు గంటలు కూడా ఉపేక్షించరాదు.

విరిగిన మనసు అతకదన్న భావం వేమన పద్యం ద్వారా తెలుగునాట స్థిరపడిందని, మనసుకు వైద్యమేమిటని మరికొందరు అనవచ్చు. వేమన చెప్పినది మనుషుల నడుమ నమ్మకం చెడిపోవడాన్ని గురించి. అది నేటికీ సత్యమే. జబ్బుచేసిన మనసుకు దానిని వర్తింపజేయరాదు. తగిన ఔషధాలు, మాటల ద్వారా జరిగే చికిత్స, కుటుంబపు ఆదరణ లభిస్తే ఎక్కువమంది కోలుకొని యథాప్రకారం జీవించగలుగుతున్నారు. సామెతలను, సూక్తులను వాటి సందర్భంలో ఉంచి చదవాలి.

ఈ చర్చ అందరికంటె ఎక్కువగా విద్యార్థులకు అవసరం. వయోజనులలో కనిపించే మానసిక రుగ్మతలలో సగం పద్దెనిమిదేళ్ళ వయసుకే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పల్లెలో పదవ తరగతి ముగించి, విజయవాడ వంటి నగరంలో హాస్టలులో చేరే విద్యార్థికి ఇల్లు, ఊరు, స్నేహితులు ఒక్కసారిగా దూరమవుతారు. వారం వారం వచ్చే పరీక్షలు, గోడమీద అంటించే ర్యాంకులు దగ్గరవుతాయి. అతడు ఫోనులో 'మనసు బాగోలేదమ్మా' అంటే, 'ఈ రెండేళ్ళు ఓర్చుకో నాన్నా, నీ కోసమే గదా ఇంత అప్పు చేశాం' అన్న సమాధానం రావచ్చు. ఆ తల్లిది ప్రేమే. అయినా బిడ్డ బరువు దిగకపోగా, అప్పు బరువు కూడా దానిమీద చేరుతుంది. 'ఎప్పటినుంచి నాన్నా? నిద్ర పడుతోందా? ఆదివారం మీ నాన్నను పంపించనా?' అని ఆమె అడిగితే ఆ బిడ్డకు ఒక తోడు దొరుకుతుంది. రెండు సమాధానాలలోనూ ఉన్న ప్రేమ సమానమే. రెండవదానిలో వినడం కూడా ఉంది.

విద్యాసంస్థల బాధ్యతను న్యాయస్థానం కూడా నొక్కిచెప్పింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో తీర్పునిస్తూ, మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ప్రకటించింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల సలహాదారు ఉండాలని నిర్దేశించింది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్రప్రభుత్వం 'టెలి మానస్' అనే దూరవాణి సేవను ప్రారంభించింది. 14416 అన్న సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ సేవ పేరులో ఉన్నది కూడా 'మనసు'కు మూలమైన పదమే.

సలహాదారు వద్దకు వెళ్ళడానికైనా, ఫోను చేయడానికైనా ముందు నోరు విప్పాలి. నోరు విప్పడానికి పదం కావాలి. తెలుగులో ఆ పదం కొరత లేదు. ఇంట్లో, వీధిలో, పొలంగట్టున ఏనాటి నుంచో వాడుతున్న 'మనసు బాగోలేదు' అన్న చిన్న వాక్యంలో తిట్టు లేదు, తీర్పు లేదు, భయపెట్టే శాస్త్రపదం లేదు. అది చెప్పేవారిని తక్కువ చేయదు. అందువల్ల మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ప్రచారంలో, పాఠాలలో, వార్తలలో ఈ వాడుకమాటకు పెద్దపీట వేయడం సముచితం. బాధలో ఉన్న మనిషికి 'పిచ్చి' అన్న పేరు తగిలించడం మానివేయడం కనీస మర్యాద. అన్నింటికీ మించి, తరగతి గదిలో పక్కన కూర్చొన్న మిత్రుడు 'మనసు బాగోలేదురా' అన్నప్పుడు నవ్వి ఊరుకోకుండా, 'ఎప్పటినుంచి?' అని అడిగి, అతడు చెప్పేదంతా వినడం ప్రతి విద్యార్థీ అలవరచుకోవలసిన సంస్కారం.